పర్సనల్ రిజిస్టరును మూలన పడేయొద్దు

సంపాదకులకు,

కోనసీమలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక కొత్తగా చేరినవాళ్లు పర్సనల్ రిజిస్టరు (తమ సీటుకొచ్చిన ప్రతి కాగితాన్నీ నంబరు వేసి ఎవరికి వారు రాసుకునే పుస్తకం) రాయడమే మానేశారు. 'అంతా సిస్టమ్‌లో ఉంది కదా మేడమ్' అంటారు. ఉంది, కాదనను. ఫైలు ఎవరి లాగిన్‌లో ఉందో తెలుస్తుంది. ఎందుకు ఆగిందో మనం రాసుకుంటేనే తెలుస్తుంది. నా రిజిస్టరులో ప్రతి నంబరు పక్కన పెన్సిలుతో ఒక ముక్క ఉంటుంది: 'సర్వేయర్ స్కెచ్ రావాలి', 'రెండో కొడుకు సంతకం లేదు'. శనివారం సాయంత్రం ఒకసారి తిరగేస్తే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీదారుడి ముందు నీళ్లు నమలక్కర్లేదు.

గోదావరికి వరదొస్తే లంకల్లో డ్యూటీలు పడతాయి. తిరిగొచ్చాక ఏ కాగితం ఎక్కడ ఆపామో గుర్తుండదు. అప్పుడా పెన్సిలు ముక్కలే దిక్కు.

రివ్యూ మీటింగుల్లో మాత్రం ఎన్ని ఫైళ్లు క్లోజ్ చేశారన్న లెక్కే అడుగుతున్నారు. దాంతో కొందరు చిన్న కొర్రీ వేసి వెనక్కి పంపి, దాన్నీ పరిష్కారం కిందే చూపిస్తున్నారు (ఇది అందరికీ తెలిసిన రహస్యమే). అధికారులు నెలకోసారైనా రిజిస్టరు తెప్పించుకుని, పాత పెండింగు ఎందుకుందో అడిగి సంతకం పెట్టాలని మనవి.

- ఒక సీనియర్ అసిస్టెంటు, ముమ్మిడివరం