పరిశోధకుడి కాంట్రాక్టు ముగిసే తేదీ ఎవరికి పట్టింది?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల ర్యాంకులు వచ్చినప్పుడల్లా మీ పత్రికలో పేజీ నిండా పట్టికలు వేస్తారు. ఎన్ని పరిశోధన వ్యాసాలు, ఎన్ని పేటెంట్లు, ఎంత గ్రాంటు అన్నీ ఉంటాయి. ఆ వ్యాసాలకు పనిచేసినవాళ్లు తర్వాత ఏమయ్యారో చెప్పే గడి మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. నేను శాస్త్రవేత్తను కాను. ఒక విశ్వవిద్యాలయం పరిశోధన విభాగంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ప్రాజెక్టు సిబ్బంది నియామక పత్రాలు, పొడిగింపు ఉత్తర్వులు, జీతాల బిల్లులు నా బల్ల మీదుగానే వెళ్లేవి. పరిశోధకుల భవిష్యత్తు గురించి ప్రొఫెసర్లు రాస్తూనే ఉంటారు. ఫైళ్లు నడిపినవాళ్లు రాయగా నేను చూడలేదు.

ప్రాజెక్టు మీద బతికే కొలువు ఎలా సాగుతుందో బయటివాళ్లకు తెలియదు. గ్రాంటు మూడేళ్లకు మంజూరవుతుంది, ఉత్తర్వు మాత్రం ఏడాదికే ఇస్తారు. కొన్నిసార్లు ఆరు నెలలకే. గడువు దగ్గర పడేసరికి ప్రాజెక్టు నడిపే ప్రొఫెసరు ‘పని సంతృప్తికరం’ అని రాసి పంపాలి. సరిగ్గా అప్పుడే ఆయన ఏ సదస్సుకో వెళ్లి ఉంటారు. నిధులిచ్చే సంస్థ తర్వాతి విడత పంపాలంటే ఖర్చుల లెక్క అందాలి. అది ఆడిట్‌లో ఇరుక్కుని ఉంటుంది. పాత ఉత్తర్వు గడువు తీరిపోతుంది, కొత్తది రాదు. మనిషి మాత్రం రోజూ ల్యాబుకు వస్తూనే ఉంటాడు. పెంచుతున్న కణాలకు, బోనుల్లోని ఎలుకలకు ఉత్తర్వుల సంగతి తెలియదు కదా! ఎప్పటికో కాగితం వస్తే, మధ్యలో చేసిన రోజులకు జీతం ఇవ్వవచ్చా అని మళ్లీ ఒక నోట్ పెట్టాలి. ఈలోగా గుర్తింపు కార్డు చెల్లదు, లైబ్రరీ లాగిన్ తెరుచుకోదు. సర్వీసులో విరామం పడింది కాబట్టి సెలవుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ప్రసూతి సెలవు అడిగిన ఒక పరిశోధకురాలికి ‘మంజూరైన పద్దుల్లో ఇందుకు అవకాశం లేదు’ అన్న జవాబు నాతోనే టైపు చేయించారు.

ఇలాంటివాళ్లకు విశ్వవిద్యాలయాలు ఏమీ చేయవని అనను. వర్క్‌షాపులు పెడతాయి. వ్యాసం రాయడం ఎలా, సమయపాలన, నాయకత్వ లక్షణాలు. హాజరు పట్టీ, సర్టిఫికెట్, చివర్లో గ్రూప్ ఫోటో. వచ్చే నెల కొలువు ఉంటుందో లేదో తెలియని మనిషిని కూర్చోబెట్టి అయిదేళ్ల ప్రణాళిక రాయమంటే ఏం రాస్తాడు?

ఒకసారి గడువు తీరిన పోస్ట్ డాక్‌లకు (పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలిక కొలువులో పరిశోధన చేసేవాళ్లకు) రెండు నెలలపాటు విశ్వవిద్యాలయం సొంత నిధుల నుంచి జీతం ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది. ‘ప్రాజెక్టు సిబ్బంది మన సిబ్బంది కారు’ అని ఫైలు తిప్పి పంపారు. అదే ఏడాది ర్యాంకు కోసం వ్యాసాల లెక్క పంపాల్సి వస్తే వాళ్ల పేర్లతో వచ్చినవన్నీ ఏరి మన ఖాతాలో వేశాం. జీతం దగ్గర పరాయివాళ్లు, ర్యాంకు దగ్గర మనవాళ్లు. నా ఫిర్యాదంతా ఇదే. పరిశోధకుడి ఎదుగుదల విశ్వవిద్యాలయం బాధ్యత. దాన్ని ప్రాజెక్టు నడిపే ఒక్క ప్రొఫెసరు మంచితనానికి వదిలేశారు. మంచి గైడు దొరికినవాడు గట్టెక్కుతున్నాడు, దొరకనివాడి సంగతి అడిగే దిక్కు లేదు.

గ్రాంటుకూ గ్రాంటుకూ మధ్య ఖాళీ ఏం చేస్తుందో డగ్లస్ ప్రాషర్ కథ చెబుతుంది. అమెరికాలో ఆయన జెల్లీఫిష్‌లో పచ్చగా వెలిగే ప్రొటీన్ తాలూకు జన్యువును వేరుచేసి 1992లో ప్రచురించారు. తర్వాత నిధులు అయిపోయాయి, కొత్త గ్రాంటు రాలేదు. అడిగిన శాస్త్రవేత్తలకు ఆ జన్యువు నమూనాలు పంపేసి ఆ పని వదిలేశారు. వాటితో ముందుకు వెళ్లిన మార్టిన్ చాల్ఫీ, రోజర్ సియెన్‌లకు, ఆ ప్రొటీన్‌ను మొదట కనుగొన్న ఒసాము షిమొమురాకు కలిపి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి ప్రాషర్ వేరే కొలువులు కూడా పోయి ఒక కార్ల డీలరు దగ్గర వ్యాన్ నడుపుతున్నారు. ఈ కథ విన్నవాళ్లు నోబెల్ చేజారిందని బాధపడతారు. నాకు మాత్రం కదలని ఫైలే గుర్తొస్తుంది.

ఇది అన్నిచోట్లా ఉన్న జబ్బే. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం తాత్కాలిక కొలువుల్లో పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు మాత్రమే పనిచేయవచ్చు. వైద్యరంగంలో తర్వాతి గడువు తొమ్మిదేళ్లు. మంచి ఉద్దేశంతోనే పెట్టిన గడువు. కానీ శాశ్వత పోస్టులు పెంచకుండా గడువు ఒక్కటే పెడితే అది గెంటివేత అవుతుంది. ఆ చట్టాన్ని సమర్థిస్తూ అక్కడి మంత్రిత్వ శాఖ హన్నా అనే కల్పిత పరిశోధకురాలితో వీడియో చేసింది. ఒక తరమే పోస్టులన్నీ పట్టుకుని కూర్చుంటే వ్యవస్థ మూసుకుపోతుందని అందులో వివరించారు. 2021లో వేలమంది పరిశోధకులు ‘నేనే హన్నాను’ అంటూ తమ కాంట్రాక్టుల చిట్టా విప్పారు.

బ్రిటన్‌లో నిధులిచ్చే సంస్థలు, విశ్వవిద్యాలయాలు కలిసి పరిశోధకుల ఎదుగుదల కోసం ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాన్ని 2019లో సవరించినప్పుడు, పరిశోధకుడికి ఏడాదికి కనీసం పది రోజులు తన వృత్తి అభివృద్ధికే కేటాయించాలని చేర్చారు. పది రోజులు తక్కువే. అయినా కాగితం మీద అంకె ఉంటే అడిగేవాడికి ఒక పట్టు దొరుకుతుంది. ‘ప్రోత్సహించాలి’ అన్న మాట పట్టుకుని ఎవరూ ఏమీ సాధించలేదని ఇన్నేళ్ల నోట్ ఫైళ్ల అనుభవంతో చెబుతున్నాను.

అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాంటుకు దరఖాస్తు చేసే ప్రొఫెసరు, పోస్ట్ డాక్‌ను పెట్టుకోదలిస్తే అతనికి ఎలా దారి చూపుతారో కూడా రాయాలని 2009 నుంచి నిబంధన ఉంది. బాగానే ఉంది గానీ ఆ దారి చూపేది గైడు ఒక్కరే కాకూడదు. బిల్లు వంకతో మా విభాగానికి వచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, “మేడం, ఇక్కడ కాకపోతే మాలాంటివాళ్లకు ఇంకెక్కడ ఉద్యోగాలుంటాయి?” అని గొంతు తగ్గించి అడిగినవాళ్లు చాలామంది. ఆ ప్రశ్న గైడును అడిగితే ల్యాబు వదిలిపోతున్నాడని అనుకుంటారేమోనని వాళ్ల భయం. నన్నడిగితే నేనేం చెప్పగలను? కానీ అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్ రాయల్ సొసైటీ 2010లో ఇచ్చిన అంచనా ప్రకారం అక్కడ సైన్స్ పీహెచ్‌డీ చేసినవాళ్లలో విశ్వవిద్యాలయ పరిశోధనలో శాశ్వతంగా నిలిచేది నూటికి ముగ్గురో నలుగురో. ప్రొఫెసరయ్యేవాళ్లు రెండు వందల మందికి ఒక్కరు కూడా లేరు. బయటికి వెళ్లేవాళ్లే ఎక్కువైనప్పుడు బయటి దారి గురించి మాట్లాడటం ద్రోహం ఎలా అవుతుంది?

పదోన్నతికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (ఒక జర్నల్‌లోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకెను) కొలబద్ద చేయవద్దని శాన్ ఫ్రాన్సిస్కోలో 2012లోనే ప్రకటన తయారుచేశారు. దానిపై వాదన నాకన్నా ప్రొఫెసర్లు బాగా చేస్తారు. నేను గమనించింది ఒక్కటే: యంత్రం మరమ్మతు చేసినవాడు, డేటా శుభ్రం చేసినవాడు, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పినవాడు దరఖాస్తు నింపేటప్పుడు ఆ పని రాసుకోవడానికి ఫారంలో చోటు లేదు. చోటు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఫారం మారిస్తే చాలు.

గ్రాంటు ఎంతకాలమైతే ఉత్తర్వు అంతకాలానికీ ఒకేసారి ఇవ్వాలి. పని బాగా లేకపోతే తీసేసే షరతు అందులోనే పెట్టుకోవచ్చు. ప్రతి గ్రాంటులో విశ్వవిద్యాలయానికి ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చులు) కింద వాటా వస్తుంది. అందులో కొంత పక్కన పెడితే గ్రాంటుల మధ్య కొన్ని నెలల జీతాలు, ప్రసూతి సెలవుల ఖర్చు భరించవచ్చు. వేరే శాఖ నుంచి ఒక సలహాదారును ప్రతి పరిశోధకుడికీ కేటాయించాలి. ఇవి జరిగాకే వర్క్‌షాపులకు అర్థం ఉంటుంది.

మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి ర్యాంకుల వార్త రాసేటప్పుడు వైస్ ఛాన్సలర్లను ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. గత అయిదేళ్లలో మీ ప్రాజెక్టుల్లో పనిచేసి వెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఎంతమందికి గడువు తీరకముందే పొడిగింపు ఉత్తర్వు అందింది? మొదటిదానికి బహుశా జవాబు రాదు. రెండోదానికి మాత్రం లేదనడానికి వీల్లేదు, ఇన్‌వార్డ్, అవుట్‌వార్డ్ రిజిస్టర్లలో తేదీలన్నీ ఉంటాయి.

– విశ్వవిద్యాలయ పరిశోధన విభాగం విశ్రాంత సూపరింటెండెంటు