రేయ్ మామా, ఆ ఫోటో గురించి

అనంతపురం,
గురువారం రాత్రి

రేయ్ మామా,

దసరాకి నువ్వు రాసినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఎంత తిట్టుకోవాలో తిట్టుకో, తిట్టడం అయిపోయాక చదువు. ఫోన్లో చెప్పేద్దామని మూడు సార్లు చేశాను. మూడు సార్లూ నువ్వు కార్లోనే ఉన్నావు, "స్పీకర్లో పెట్టా, చెప్పు" అన్నావు, నేను ఏదో మాట్లాడి పెట్టేశాను. ఇది స్టీరింగ్ పట్టుకుని వినే సంగతి కాదు. ఇంట్లో కూర్చుని చదువు.

మా ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. కాలేజీలో సిలబస్ అయిపోవచ్చింది, ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. నిమ్మకాయ సోడా బాకీ గుర్తుంది, రెండోది కూడా గుర్తుంది, సెకండియర్ రూమ్ గోడ మీద నువ్వు రాసిన లెక్క నేనేం చెరపలేదు. సరే, వార్తలు అంతే.

పోయిన నెల మా పెద్దమ్మను చూసొద్దామని కర్నూలు వెళ్లాను. ఒక్కణ్ణే, కారులో. ఆ రోజు మా చిన్నదాని పుట్టినరోజు, ఆరు గంటలకు కేకు. పెద్దమ్మ అన్నం తినేదాకా వదల్లేదు, బయలుదేరేసరికి మూడున్నర దాటింది. నీకు తెలుసు కదా ఆ రోడ్డు, డోన్, గుత్తి, పామిడి, కళ్లు మూసుకున్నా వచ్చేస్తాం అనుకుంటాం. ఊరు దాటగానే చిన్నటేకూరు వచ్చింది, అదే, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున రోడ్డు మీద పడి ఉన్న బైకును గుద్ది బస్సు కాలిపోయిన చోటు. ఆ తర్వాత వెల్దుర్తి దగ్గర మాదార్‌పురం. అక్కడ 2021 ఫిబ్రవరి 14న మదనపల్లె నుంచి అజ్మీర్ వెళ్తున్న బండి డివైడర్ దాటి లారీని గుద్దుకుని 14 మంది పోయారు. రెండు చోట్లా మనసు కలుక్కుమంది, రెండు చోట్లా కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద నుంచి లేవలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. ఆ సంగతి తర్వాత.

ఆరుకు పది నిమిషాల ముందే ఇంట్లో ఉన్నాను. కేకు కోసింది, ఫోటోలు తీసుకున్నాం, అందరం సంతోషంగా ఉన్నాం.

నాలుగో రోజు ఫోన్‌కు మెసేజ్. ఓవర్ స్పీడ్, చలానా వెయ్యి రూపాయలు, యూజర్ ఛార్జీలు 35. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ రాత్రి అన్నం కూడా తినకుండా కూర్చుని రూల్స్ అన్నీ తిరగేశాను. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠంగా గంటకు 100 కిలోమీటర్ల దాకా ఉంది కదా, వీళ్లు ఇక్కడ పరిమితి 80 అని ఎట్లా అంటారు? (రాష్ట్రాలు అంతకంటే తగ్గించుకోవచ్చని కూడా అందులోనే ఉంది, దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.) 2021లో వచ్చిన రూల్ ప్రకారం కెమెరా నిఘా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, నాకు ఏ బోర్డూ కనపడలేదే! అభ్యంతరం పెట్టాలి, వదలకూడదు అనుకున్నాను. నీకే ఫోన్ చేసి అడుగుదాం అనుకున్నా, ఇట్లాంటి వాటిలో నువ్వు ఆరితేరినవాడివి కదా. నువ్వు పంపిన పదకొండు చోట్ల జాబితా ఇంకా నా ఫోన్లోనే ఉంది, పోలీసులు స్పీడ్ గన్ పెట్టే చోట్లు, ఎక్కడ కాలు తియ్యాలి, ఎక్కడ మళ్లీ తొక్కాలి. పామిడి దాటాక గార్లదిన్నె దాకా అందులో ఏమీ లేదు. అందుకే అక్కడ తొక్కాను.

అభ్యంతరం పెట్టాలంటే ఫోటో కావాలి కదా, తెరిచాను.

మామా, ఆ ఫోటో నీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నా కారు ముందు నుంచి కనపడుతోంది, నెంబరు స్పష్టంగా ఉంది, కింద సాయంత్రం 5.21, వేగం 113, పరిమితి 80 అని ఉంది. నేను బోర్డు ఏమైనా కనపడుతుందా అని ఫోటోను పెద్దది చేసి పక్కలు వెతుకుతున్నాను. ఎడమ అంచున, డివైడర్ సందులో, ఒక ముసలావిడ. నెత్తిన గడ్డిమోపు, ఒక చెయ్యి పైకెత్తి మోపు పట్టుకుంది, ఇంకో చేతిలో స్టీలు క్యారియర్. ఒక కాలు డివైడర్ మీద ఉంది. ఇంకో కాలు రోడ్డు మీద ఉంది. నా లైనులో. నా కారు ముందర.

నేను ఆమెను చూడలేదు. "సరిగ్గా చూడలేదు" అని కాదు, అసలు అట్లాంటి మనిషి ఒకరు అక్కడ ఉన్న సంగతే నాకు తెలియదు. ఆ చలానా రాకపోయి ఉంటే చచ్చేదాకా తెలిసేది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి క్లాసులో చలన సమీకరణాల మీద పిల్లలు డౌట్ అడిగితే బోర్డు ముందు నిలబడి కాసేపు మాట రాలేదు నాకు. పన్నెండేళ్లుగా చెప్తున్నాను రా ఆ పాఠం.

ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్లాను. ఊరి పేరు రాయను, నువ్వొస్తే చూపిస్తా. ఫోటోలో నా కారు పక్కన కిలోమీటరు రాయి కనపడుతుంది, ఆ రాయి నుంచి డివైడర్ సందు దాకా అంచున నడిచి అడుగులతో కొలిచాను, నలభై మీటర్లు వచ్చింది. 113 అంటే సెకనుకు 31 మీటర్లు. ఆమె కనపడి, బ్రేకు తొక్కాలని తోచి, కాలు పడేసరికే ఒక సెకను, అంటే ఆ 31 మీటర్లూ అయిపోతాయి. మిగిలేది తొమ్మిది. నా కారు పూర్తిగా ఆగాలంటే మంచి రోడ్డు, మంచి బ్రేకు ఉన్నా మొత్తం వంద మీటర్లు కావాలి. 80లో అయితే అరవై లోపే ఆగుతుంది. ఇంకో లెక్క వేశాను, అది వేసి ఉండకపోతే బాగుండేదేమో, 80తో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయే ఆ చోటికి, 113తో వచ్చిన నా కారు చేరేసరికి ఇంకా దాదాపు 90 వేగంతో ఉంటుంది. కాగితం మీద రెండు సార్లు చేశాను, అదే వచ్చింది.

ఇదంతా దేనికోసం? గుత్తి నుంచి అనంతపురం యాభై కిలోమీటర్లు అనుకో, 80కి బదులు 113లో వస్తే నాకు మిగిలేది పదకొండు నిమిషాలు. ఆరుకు పది నిమిషాల ముందు ఇంటికి చేరానని రాశాను కదా పైన.

బోర్డు కూడా ఉంది మామా. 80 అని, పెద్దగానే ఉంది.

ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, టీ కొట్టు దగ్గర ఫోటో చూపిస్తే వెంటనే చెప్పేశారు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. ఏమని మొదలుపెట్టాలో తెలీక ఫోన్ చేతికిచ్చి, "అవ్వా, ఈ కారు నాది" అన్నాను. ఆమె చాలాసేపు చూసింది. తనను తాను గుర్తుపట్టి, "నేనే కదా ఇది!" అని ఎంత సంబరపడిందో. కారు గుర్తుందా అని అడిగితే, "ఏ కారని గుర్తుంటాది నాయనా, దినామూ ఇట్లనే కదా" అంది.

దినామూ ఇట్లనే. ఊరు ఒక పక్క, చేన్లు ఇంకో పక్క. రోడ్డు కింది నుంచి దారి ఉంది కానీ అది కిలోమీటరున్నర అవతల. మోపు నెత్తిన పెట్టుకుని పోయి రావాలంటే మూడు కిలోమీటర్లు ఎక్కువ. అందుకని అందరూ ఆ సందులోనే దాటుతారు. మోపు ఉంటే మెడ తిప్పడానికి లేదు, మనిషి మొత్తం తిరిగి చూడాలి. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "లారీ అయితే లెక్క తెలుస్తాది నాయనా. శబ్దం వస్తాది, మెల్లగ వస్తాది. కారు అట్ల కాదు. ఆడనే ఉన్నట్టుంటాది, కాలు ఎత్తేలోపల ఈడికొచ్చేస్తాది."

సాయంత్రం ఆమె దాటేటప్పుడు పక్కనే ఉండి ఫోన్లో టైం చూశాను. మన వైపు రెండు లేన్లు, అంచు కలిపి దాటడానికి పది సెకన్లు. అంటే 80లో వచ్చే కారు 220 మీటర్ల దూరంలో ఉండగా ఆమె అడుగు వేస్తే దాటిపోతుంది. 113లో వచ్చేవాడైతే 310 మీటర్లు ఉండాలి. ఆమె కంటికి దూరం కనపడుతుంది, వేగం కనపడదు. ఆ తేడా తొంభై మీటర్లూ ఆమె ఎట్లా పసిగట్టాలి, చెప్పు?

ఇంకోటి చెప్పింది. దీని కోసమే ఈ ఉత్తరం రాస్తున్నా అనుకో. "ఆ చింతచెట్టు కింద పోలీసోళ్లు ఉండే దినం మాకు బాగుంటాది. అందరూ మెల్లగ పోతారు. ఆ దినం బర్రెలను గూడా తోలుకొస్తాం" అంది. మరి ఆ రోజు పోలీసులు ఉన్నారు కదవ్వా, ఫోటో తీసింది వాళ్లే కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "అందుకే కాలు పెట్టినట్టున్నా. మెల్లగనే వస్తారులే అనుకున్నట్టున్నా" అంది. అని మళ్లీ గోంగూర వలుచుకుంటోంది. నేను లేచి గేటు దాకా వెళ్లి, కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

వచ్చేటప్పుడు నీ జాబితాలోని రెండు చోట్ల ఆగాను. ఒకచోట స్కూలు పిల్లలు బస్సు కోసం నిలబడే స్టాపు. ఇంకోచోట ఇట్లాంటిదే, డివైడర్ సందు, అవతల చేన్లు. మిగతా తొమ్మిదీ నేను చూడలేదు, నువ్వు చూడు. నెలకు రెండుసార్లు బెంగళూరు నుంచి వస్తావు, రెండున్నర గంటల్లో వచ్చానని చెప్తావు, నేను కూడా ఇన్నాళ్లూ మెచ్చుకున్నాను, ఇంక మెచ్చుకోలేను రా. ఆ జాబితా పారెయ్యమని అనడం లేదు. పోలీసు జీపు ఉన్నా లేకపోయినా ఆ పదకొండు చోట్లా కాలు తియ్. ముందు కెమెరా ఉందని చెప్పే ఆ యాప్ మోగినా మోగకపోయినా. నాకు కోపం లేదు, భయంగా ఉంది, అమ్మ కూడా నువ్వు ఎప్పుడు బయలుదేరినా చేరావా లేదా అని నన్నే అడుగుతుంది, అది నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా నేను.

చలానా ఆ రాత్రే కట్టేశాను. ఇంకా ఉంది. ఆవిడ ఆ ఫోటో తనకొకటి కావాలంది, బెంగళూరులో బేల్దారి పనికి పోయిన కొడుక్కి చూపించాలట. పక్కింటాయన అది విని, ఇదేదో పనికొచ్చేలా ఉంది సార్, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంటుంది కదా, ఎన్ని అర్జీలు ఇచ్చినా "పరిశీలిస్తాం" అంటున్నారు, ఇందులో మనిషీ ఉంది, కారూ ఉంది, వేగం కూడా రాసుంది, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అన్నాడు. ఇరవై మంది దాకా వస్తామన్నారు. నేనూ వెళ్తున్నాను, సెలవు చీటీ రాసి పెట్టాను. నువ్వు శనివారం వస్తే ఆదివారం వాళ్ల ఊరికి పోదాం, సోమవారం నువ్వూ రా, వస్తావా? అర్జీ రాయడంలో నీ చెయ్యి మంచిది, హాస్టల్ నీళ్ల సంగతి అప్పుడు నువ్వు రాసిందే కదా పని చేసింది. ఇంకా అక్కడ సిగ్నల్ పెట్టాలా, కింది నుంచి దారి అడగాలా, ముందు కనీసం రోడ్డు మీద ఆ ఎత్తు గీతలైనా వేయించమనాలా అని నాకు కొన్ని

ఆగు, స్టూడియో అబ్బాయి ఫోన్.

ఆమెను మాత్రం కత్తిరించి పెద్దది చేస్తే మొహం మసకగా వస్తుందట. అందుకని ఫోటో మొత్తం వేస్తానంటున్నాడు, "కారు నెంబరు మీద నల్లగా పూసెయ్యమంటారా సార్" అని అడిగాడు. వద్దు, నెంబరు కనపడనీ అన్నాను. ఎనిమిదిన్నరకు షాపు మూసేస్తాడట, ఇప్పుడే పోవాలి. శనివారం మెల్లగా రా.