పవిత్ర నామాన్ని కుదించి రాస్తే అపచారమా?

మాన్య సంపాదకులకు,

క్రిస్మస్‌ను ‘ఎక్స్‌మస్’ అని రాయడమంటే పండుగలోంచి క్రీస్తును కొట్టివేయడమేననీ, పవిత్ర నామాలను ఇలా కుదించడాన్ని పత్రికలు పూర్తిగా మానుకోవాలనీ మీ ఉత్తరాల పేజీలో కొందరు పాఠకులు కోరారు. ఒక విశ్వాసిగా వారి నొప్పి నాకు అర్థమవుతుంది గానీ, వారి వాదనకు చరిత్రలో ఆధారం లేదని చెప్పక తప్పదు. పవిత్ర నామాలను పొట్టిగా రాసే పద్ధతి క్రైస్తవానికి బయటివారు అంటగట్టినది కాదు; సువార్తలకు చేత్తో నకళ్ళు రాసిన తొలినాటి లేఖకులు పాటించినదే.

నాలుగవ శతాబ్దానికి చెందిన కోడెక్స్ సైనాయిటికస్ అనే గ్రీకు బైబిలు ప్రతిని చూడండి. అందులో దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు అనే మాటలు సాధారణంగా మొదటి అక్షరం, చివరి అక్షరం మాత్రమే మిగిలి, వాటి నెత్తిన ఒక అడ్డగీతతో కనిపిస్తాయి. అంతకంటె పాతవైన పపైరస్ ప్రతులలోనూ ఇదే పద్ధతి ఉంది. చోటు కలిసివస్తుందని అలా రాశారనుకుందామంటే, అదే లేఖకుడు అదే పుటలో వీటికంటె ఎంతో పొడవైన మామూలు మాటలను ఒక్క అక్షరం వదలకుండా రాశాడు. కుదింపు ఇలాంటి కొద్ది మాటలకే దక్కిన ప్రత్యేకత. 1907లో లుడ్విగ్ ట్రౌబె అనే జర్మన్ పండితుడు వీటికి ‘నోమినా సాక్రా’, అంటే పవిత్ర నామాలు, అని పేరు పెట్టాడు. ఈ పద్ధతి ఎలా పుట్టిందన్న దానిపై పండితుల మధ్య వాదాలున్నా, దీని వెనుక నిర్లక్ష్యం ఉందని వాదించినవారు నాకు తెలిసి లేరు.

ఇక ‘ఎక్స్’ సంగతి. ఆ గుర్తు గ్రీకులో క్రీస్తు అనే మాటకు మొదటి అక్షరమైన ‘కై’. దానికి రెండవ అక్షరమైన ‘రో’ను జోడించిన చిహ్నం నాలుగవ శతాబ్దపు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలం నుంచి సైన్యపు ధ్వజాల మీదా, నాణేల మీదా, సమాధుల మీదా కనిపిస్తుంది. బీజగణితంలో తెలియని రాశికి ఎక్స్ వాడడం 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ గ్రంథంతో స్థిరపడింది. ఇంగ్లీషు లేఖకులు క్రీస్తు నామానికి ఆ అక్షరాన్ని అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే వాడారు. కాబట్టి అది క్రీస్తు ముఖాన కొట్టిన ఇంటూ గుర్తు అనుకోవడం మన కాలపు చదువు తెచ్చిన పొరపాటే.

చరిత్రలో ఈ కుదింపుల మీద గట్టి అభ్యంతరం రాకపోలేదు. వింతేమిటంటే, అది సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వచ్చింది. పదిహేనవ శతాబ్దపు ఇటలీలో సియెనాకు చెందిన బెర్నార్దీనో అనే సన్యాసి, యేసు నామాన్ని సూచించే మూడక్షరాలను సూర్యకిరణాల నడుమ చిత్రించిన పలకను ప్రసంగ వేదికపై ఎత్తి చూపేవాడు. జనం దానికి మోకరిల్లేవారు. అక్షరాలను పూజించడం విగ్రహారాధనేనని ప్రత్యర్థులు ఫిర్యాదు చేయగా, పోపు ఐదవ మార్టిన్ ఆయనను రోముకు పిలిపించి విచారించి, నిర్దోషిగా పంపాడు. భక్తి మితిమీరిందని అప్పుడు నిందపడిన కుదింపు మీదే, భక్తి లోపించిందని ఇప్పుడు మనవారు నింద మోపుతున్నారు!

నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న నిర్గమకాండపు ఆజ్ఞను కొందరు ఉదహరించారు. ఆ ఆజ్ఞ ఎవరికి తగులుతుందో నిదానంగా ఆలోచించాలి. అబద్ధపు సాక్ష్యానికి దేవుని పేరును అడ్డం పెట్టేవాడు ఆ పేరును పూర్తిగానే పలుకుతాడు. విసుగొచ్చినప్పుడల్లా ప్రభువు నామాన్ని తిట్టులా వాడేవాడూ ఒక్క అక్షరం తగ్గించడు. మరోవైపు, తన రాతప్రతుల మొదట్లో ‘యేసూ, సహాయం చేయుము’ అనే ప్రార్థనకు గుర్తుగా రెండే అక్షరాలూ, చివర ‘దేవునికి మాత్రమే మహిమ’ అనే మాటలకు గుర్తుగా మూడే అక్షరాలూ రాసుకున్న సంగీతకారుడు బాఖ్‌ను భక్తిహీనుడని ఎవరైనా అనగలరా? యూదులలో చాలామంది దేవుని పేరును పూర్తిగా రాయకపోవడానికి కారణం కూడా, ఆ కాగితం చిరిగినా చెరిగినా నామానికి అగౌరవం కలుగుతుందన్న భయమే.

అయితే కుదింపు వల్ల నష్టమే లేదని నేను అనను. బైబిలులో తిమోతికి రాసిన మొదటి లేఖ 3:16లో ‘సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను’ అన్నచోట, కొన్ని ప్రతులలో ‘దేవుడు’ అనీ, మరికొన్నింటిలో ‘ఎవరైతే’ అన్న అర్థమిచ్చే మాట అనీ ఉంది. గ్రీకు పెద్దక్షరాలలో కుదించిన ‘దేవుడు’కూ ఆ రెండవ మాటకూ తేడా అల్లా ఒక గుండ్రని అక్షరం లోపలి చిన్న గీత, పైనున్న అడ్డగీత మాత్రమే. సిరా వెలిసిన తోలు మీద ఆ గీత ఉన్నదా లేదా అని పండితులు భూతద్దాలు పట్టుకుని తరాల తరబడి తగవులాడారు. అంటే కుదింపుతో ప్రమాదం పడింది స్పష్టతకే గాని గౌరవానికి కాదు.

పత్రిక పట్టించుకోవలసింది కూడా ఆ స్పష్టతనే. తెలుగు లిపిలో ‘ఎక్స్‌మస్’ అని అచ్చువేస్తే, గ్రీకు ‘కై’ రూపం పోయి, ఒక ఇంగ్లీషు అక్షరం పేరు మాత్రమే మిగులుతుంది. దానిలో క్రీస్తు పేరును గుర్తుపట్టడం పాఠకుడికి కష్టం. పైగా ‘క్రిస్మస్’ అని రాస్తే శీర్షికలో ఎక్కువ చోటేమీ పట్టదు. అందువల్ల మీ సొంత వార్తలలో పూర్తి మాటనే వాడాలన్న నియమం పెట్టుకుంటే నాకు సంతోషమే. కానీ ఆ నియమానికి కారణంగా దైవదూషణను చూపవద్దనీ, పాఠకుల ఉత్తరాలలో, శుభాకాంక్షల ప్రకటనలలో ఎవరైనా కుదించి రాస్తే దానిని అవమానంగా ఎంచి తిరస్కరించవద్దనీ మనవి.

ఇట్లు,
ఒక క్రైస్తవ పాఠకుడు