లాకులంటే తాళాలు కావు

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి కాలువ గట్టు మీద, నీటిమట్టం తేడా ఉన్నచోట పడవలను దాటించే లాకుల దగ్గర, ఈమధ్య కొత్త బోర్డు పెట్టారు. పైన ఇంగ్లిష్‌లో లాక్ అనీ, కింద తెలుగులో ‘తాళం’ అనీ రాశారు. ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు అది చదివి, "అమ్మమ్మా, తాళం ఎక్కడ వేశారు? కనబడదేం?" అని అడిగింది. పిల్లదాని తప్పేం లేదు. దానికి తెలిసిన లాక్ బీరువాదీ, ఫోనుదీ. బోర్డు రాయించిన పెద్దలకైనా తెలియాలి కదా!

మా నాన్నగారు లాకుల దగ్గర తలుపులు తెరిచి మూసే లస్కరుగా పనిచేశారు. 1965 ప్రాంతంలో మా కాలువలో పడవలు ఇంకా తిరిగేవి. దిగువ నుంచి వచ్చిన పడవ రెండు జతల తలుపుల మధ్యకు చేరగానే వెనక తలుపులు మూసి, ఎగువ నీళ్లు కొద్దికొద్దిగా వదిలేవారు. గట్టు మీద కూర్చున్న మాకు ముందు తెరచాప కొయ్య, తర్వాత పడవ నడిపే సరంగు తలపాగా, ఆ తర్వాత కొబ్బరికాయల రాశి పైకి తేలుతూ కనబడేవి. లోపలి నీళ్లు ఎగువ నీళ్లతో సమానమయ్యేదాకా ముందు తలుపులు ఎంత నెట్టినా కదలవు. "నీళ్లు పట్టుకున్నాయమ్మా, తొందరపడకూడదు" అనేవారు నాన్నగారు.

తర్వాత నేను ఇంగ్లిష్ టీచర్నయ్యాక ఆ మాట పుట్టుక తెలిసింది. పాత ఇంగ్లిష్‌లో ‘లోక్’ అంటే గడియ. చుట్టూ మూసి ఉన్న చోటు అని కూడా అర్థం. తలుపును పట్టి ఉంచితే తాళమైంది, నీళ్లను పట్టి ఉంచితే మన లాకు అయింది. మెళ్లో వేసుకునే లాకెట్ కూడా ఫ్రెంచి మీదుగా వచ్చిన దాని చుట్టమే. 2020లో మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన లాక్‌డౌన్‌లో ఉన్నదీ అదే. జుట్టు పాయను లాక్ అంటారే, అది మాత్రం వేరే మాట.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలతోపాటు ఈ మాటా మన పల్లెల్లోకి వచ్చింది. మనం దాన్ని ‘లాకు’ చేసుకున్నాం. తలుపులు రెండు జతలు కనుక కాబోలు, ఎప్పుడూ ‘లాకులు’ అనే అంటాం. మా మండలంలోని లొల్ల లాకులను తాళాలంటే ఆటోవాడికి దారి తెలుస్తుందా? మన ఆనకట్టకు చుట్టమైన తమిళ ‘అణైక్కట్టు’ను ఇంగ్లిష్ వాళ్లు ‘ఆనికట్’ అని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకున్నారు. మనం మాత్రం నూట యాభై ఏళ్లకు పైగా నోట నానిన మాటను తీసేసి తాళం రాసుకుంటున్నాం.

ఆ బోర్డు మీద ‘లాకులు’ అని తిరిగి రాయించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. మీరు కూడా కాలువల వార్తల్లో ఆ మాటే వాడండి. పిల్లల పేజీలో ఒకసారి బొమ్మ వేసి, పడవ లాకులు ఎలా దాటేదో చూపించండి. ఆ తలుపులు తెరుస్తూ మూస్తూ పనిచేసిన లస్కర్లు ఒకరిద్దరు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. మీ విలేకరి వస్తే నేనే దగ్గరుండి మాట్లాడిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఆత్రేయపురం మండలం