తొలి వారాల వేడే మగచేపలను పెంచుతోంది

సంపాదకులకు,

పెంపకపు సముద్ర చేపల్లో మగవి ఎక్కువైతే విత్తనం, అంటే పెంపకానికి తెచ్చిన చేపపిల్లలు, నాసిరకమని తేల్చేయడం పరిపాటి అయింది. అది సగం నిజమే. యూరోపియన్ సీబాస్ అనే సముద్ర చేపలో మనకున్నట్లు ఎక్స్, వై క్రోమోజోములు లేవు. అనేక జన్యువులూ, లార్వా దశలోని నీటి వేడీ కలిసి లింగాన్ని తేలుస్తాయి. పురుష హార్మోన్లను ఈస్ట్రోజన్లుగా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ తగినంత తయారైతేనే బీజకోశం (అండాశయంగానో వృషణంగానో మారే అవయవం) అండాశయంగా ఎదుగుతుంది. తొలి వారాల్లో నీరు వేడెక్కితే, ఆ ఎంజైమ్‌ను తయారుచేయించే జన్యువును నియంత్రించే భాగంపై మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన ముక్కలు పేరుకుని జన్యువు అణగిపోతుందని 2011లో వెలువడిన పరిశోధన చూపింది. వెంట్రుకలా సన్నగా కదలాడే ఆ పిల్లలో అప్పటికి బీజకోశమే రూపుకట్టదు. ఈ జాతిలో ఆడవే పెద్దగా పెరుగుతాయి కనుక, నష్టం ఎన్నో నెలల తర్వాత పట్టుబడి నాడు తూకంలో బయటపడుతుంది. అప్పుడు ఎవరేం చేయగలరు?

ఒక జాతి లెక్క మరో జాతికి పనికిరాదు. పండుగప్ప ముందు మగదిగా ఉండి తర్వాత ఆడదవుతుంది. చాలా గ్రూపర్లలో ఇది తలకిందులు.

కాబట్టి లార్వా తొట్టెల్లో రోజువారీ ఉష్ణోగ్రతల నమోదును హేచరీలు (చేపపిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలు) పిల్లలతో పాటే రైతుల చేతికివ్వాలని, పెంపక నిబంధనల్లో దీనిని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మత్స్యశాస్త్ర అధ్యాపకుడు