ఇడ్లీ రేకుల్లో స్క్రూలు

మాగ్డెబర్గ్, జర్మనీ
23 నవంబరు 2025, ఆదివారం

నాన్నకు,

నమస్కారాలు. నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. కార్తీకం అయిపోయింది కదా, అమ్మ ఉపవాసాలు చాలించి రెండు పూటలా తింటోందా? ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది. చలి సంగతి రాయను, అమ్మ కూడా చదువుతుంది.

మొన్న ఫోన్లో "అసలు నీ ల్యాప్‌టాప్‌కేమైందిరా?" అని అడిగావు. నేను చెప్పిందాంట్లో సగం నీకు వినపడలేదు, మిగతా సగం మధ్యలో అమ్మ ఫోన్ లాక్కుని ఏం కూర వండావని మొదలెట్టింది. అందుకే రాస్తున్నాను. తమ్ముడు ప్రింటు తీసిస్తాడు, కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదువు. బాబాయి తన ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 అప్‌గ్రేడ్ నొక్కాలా వద్దా అని నిన్నడుగుతున్నాడన్నావు. ఆయనకీ చూపించు, నొక్కకముందే.

నువ్వు 2019లో విజయవాడలో కొనిచ్చిన ల్యాప్‌టాపే ఇది. గంటసేపు బేరమాడి బ్యాగూ మౌసూ ఊరికే ఇప్పించావు. మౌసు బీటెక్‌లోనే పోయింది, బ్యాగు మాత్రం ఇప్పటికీ మోస్తున్నాను. మొన్న అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. థీసిస్ అంతా ఉన్న మెషీన్‌ని అలా వదిలేయడం ఎందుకని నెలాఖర్లో ఒక శుక్రవారం రాత్రి విండోస్ 11 ఎక్కించాను. ఎనిమిదో తరం ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, టీపీఎం అనే భద్రతా చిప్పు, అది అడిగినవన్నీ ఉన్నాయి. విండోస్ 11 పెట్టే అర్హత పరీక్ష పాసైంది. ఆ పరీక్ష, ఫైళ్లన్నీ దాచే డిస్కు ఎంత పెద్దదని అడుగుతుంది గానీ ఎంత ముసలిదని అడగదు. అది నాకు తర్వాత తెలిసింది.

ఎక్కడానికే ఆరు గంటలు పట్టింది. తెల్లారి ఆన్ చేసి, బియ్యం కడిగి కుక్కరు పెట్టి, మూడు విజిళ్లు వచ్చాక వెళ్లి చూస్తే తెర మీద చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఫైలు తెరిస్తే దాని విండో తెల్లగా పాలిపోతుంది. నేను 'ప్రస్తుతం' అని కొడితే 'ప్ర' వచ్చి ఆగి, కాసేపటికి మిగతాది ఒక్కసారిగా ఊడిపడుతుంది. ఆ ఆదివారం మీతో మాట్లాడుతుంటే నా మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయిందని అమ్మ కంగారు పడింది చూడు, అది నెట్ కాదు, ఇదే. రెండుసార్లు మొత్తం మెషీనే పడిపోయింది. ఒకప్పుడు అలాంటప్పుడు నీలం తెర వచ్చేది, ఇప్పుడు నల్ల తెర చేశారు. అడుగున చిన్న అక్షరాల్లో 'కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్' అని ఉంది. చదివాను, పట్టించుకోలేదు. డిస్కులోంచి చదవలేకపోతున్నానని జబ్బు పేరు అప్పుడే రాసిచ్చింది, నేనే చూసుకోలేదు.

మొదటి రెండు రోజులు నెమ్మదిగా ఉండటం మామూలేనట. కొత్త సిస్టమ్ ఎక్కగానే ఫైళ్లన్నిటికీ మళ్లీ సూచిక రాసుకుంటుంది, మిగిలిన అప్‌డేట్లు దింపుకుంటుంది, వైరస్ కోసం మూలమూలా వెతుకుతుంది. ఛార్జర్ పెట్టి రాత్రంతా ఆన్‌లో వదిలేస్తే సర్దుకుంటుందని చదివాను. రెండు రాత్రులు వదిలాను. సర్దుకోలేదు.

ఇక మూడో రోజు నుంచి నేను చేసిన పని చెబితే తిడతావు. తిట్టు. రూమ్మేట్లు ముగ్గురు, ముగ్గురూ నా మెషీన్‌కి డాక్టర్లే. ఒకడు యాంటీవైరస్ తీసెయ్యమన్నాడు, ఒకడు సెర్చ్ ఆపెయ్యమన్నాడు, ఇంకొకడు గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరని నడిపే ప్రోగ్రాం, మార్చమన్నాడు. ఒకే రాత్రి అన్నీ చేశాను. పైగా డిస్కులో ఖాళీ లేదేమోనని క్లీనప్ పెట్టి పాత విండోస్ ఫోల్డర్ కూడా తీసేశాను. అప్‌గ్రేడ్ అయ్యాక పది రోజుల వరకు 'వెనక్కి వెళ్లు' అనే దారి ఉంటుంది నాన్నా, ఆ దారి ఆ ఫోల్డర్ మీదే నడుస్తుంది. ఐదో రోజునే నా చేత్తో నేనే దాన్ని మూసేసుకున్నాను. తెల్లారేసరికి మెషీన్ కొంచెం నయమనిపించింది, మధ్యాహ్నానికి మళ్లీ మొదటికే వచ్చింది. ఏది చేస్తే నయమైంది, ఏది చేస్తే చెడింది, నాకే తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది డిపోలో నువ్వు చెప్పే ఆ బస్సు సంగతి. ఎత్తెక్కేటప్పుడు లాగడం లేదని కొత్త హెల్పరు ఫిల్టరూ ఇంజెక్టర్లూ పంపూ అన్నీ ఒక్క రోజే మార్చేశాడు, బండి బాగైంది, వారం తిరక్కుండా మళ్లీ షెడ్డుకొచ్చింది. తీరా చూస్తే డీజిల్ పైపు జాయింటు దగ్గర గాలి లాగుతోంది. వాణ్ని నిలబెట్టి "ఒకటి మార్చు, తిప్పి చూడు, అప్పుడు రెండోది ముట్టుకో" అన్నావు. నాకు పదేళ్లుంటాయేమో అప్పుడు, క్యారేజీ ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడి విన్నాను.

ఆ ఆదివారం ఫోన్లో నువ్వు అడిగింది కూడా ఒక్కటే ప్రశ్న. "ఆగిపోయినప్పుడు చప్పుడేమన్నా వస్తోందా?" కంప్యూటర్‌కి చప్పుడేమిటి నాన్నా అని నవ్వాను. రాత్రి అందరూ పడుకున్నాక గుర్తొచ్చి, టచ్‌ప్యాడ్ పక్కన ఎడమ చెయ్యి ఆనించే చోట చెవి పెట్టాను. తెర కదలడం ఆగింది. లోపల టిక్. ఒక క్షణం ఏమీ లేదు. టిక్, టిక్. గోడ మీది బల్లి కొట్టినట్టు. తెర కదిలింది. మళ్లీ ఆగింది, మళ్లీ టిక్. ఫ్యాన్ హోరు కింద ఇన్నాళ్లూ అది నాకు వినపడనే లేదు.

తర్వాత టాస్క్ మేనేజర్, అంటే లోపల ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించేది, తెరిచి చూశాను. ప్రాసెసర్ 9 శాతం, మెమొరీ 61, డిస్కు 100. నూరు శాతం అంటే బ్రహ్మాండంగా పనిచేస్తోందని కాదు. మీ డిపోలో డీజిల్ పంపు ఒక్కటే అనుకో. బండ్లు గేటు దాకా బారులు తీరాయి, పంపు ఒక్క నిమిషం ఆగలేదు, కానీ పైపులో చెత్త అడ్డుపడి బొట్లు బొట్లుగా వస్తోంది. పంపు నూరు శాతం బిజీయే. నా డిస్కు సెకనుకి 2 ఎంబీ కూడా ఇవ్వడం లేదు. అడిగిన ప్రతిదానికీ జవాబివ్వడానికి మూడు నాలుగు వేల మిల్లీసెకన్లు, అంటే మూడు నాలుగు సెకన్లు తీసుకుంటోంది. చదవలేని చోటు తగిలితే ఆ డిస్కు వదిలి ముందుకు పోదు, అక్కడే మళ్లీ మళ్లీ గీకి చూస్తుంది. అందాకా ప్రాసెసరు లాంటి దొర కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

క్రిస్టల్‌డిస్క్ఇన్‌ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఒకటుంది, డిస్కు తన ఆరోగ్యం గురించి తాను రాసుకున్న చిట్టా చూపిస్తుంది. పసుపు రంగులో 'జాగ్రత్త' అని వచ్చింది. చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న గళ్లు, 38. ముప్ఫై ఎనిమిదే కదా అనుకున్నాను. ఆ అంకెలు పదుల లెక్కలో కాక పదహార్ల లెక్కలో చూపిస్తుందని తర్వాత తెలిసింది, అంటే 56. మూడు రోజులు పోయాక చూస్తే ఇంకా పెరిగాయి.

కాబట్టి తప్పు కొత్త విండోస్‌ది కాదు నాన్నా. ఆరేళ్ల నుంచి తిరుగుతున్న డిస్కు, నిమిషానికి 5400 చుట్లు. అప్‌గ్రేడ్ అంటే పదుల జీబీలు చదివి, రాసి, మొత్తం సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చినట్టు. అన్నాళ్లూ ఎవరూ అడుగుపెట్టని మూలల్లో అడుగుపెట్టింది, పలకలు కుంగాయి. చదునైన రోడ్డు మీద బాగానే తిరిగే బండి ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది, అంతే.

ఇక్కడ ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. రిపేరు జోలికి పోలేదు. డిస్కు చెడిందనగానే చెక్‌డిస్క్ అనే విండోస్ రిపేరు ప్రోగ్రాం నడపమని అందరూ అంటారు. చెడిన సెక్టార్లు వెతకమంటే అది మొత్తం డిస్కంతా దున్నుతుంది, చావబోతున్నదాని చేత పరుగు పందెం ఆడించినట్టు. ముందు సామాను బయటికి. థీసిస్ మొదట, సర్టిఫికెట్లు తర్వాత, ఫోటోలు ఆ తర్వాత. ఎక్స్‌టర్నల్ డిస్కు అరువు తెచ్చుకుని రాత్రంతా పక్కన కూర్చున్నాను. కాపీ ఆగిన చోట ఆ ఫైలు వదిలేసి ముందుకి, చివర్లో మళ్లీ వెనక్కి. దాదాపు అంతా వచ్చింది. రానిదాని గురించి చివర రాస్తాను.

డిస్కుని ఇక్కడ ఫెస్ట్‌ప్లాట్టె అంటారు. విడదీస్తే 'గట్టి పళ్లెం'. దానికి బదులు చక్రాలూ సూదులూ లేని ఎస్ఎస్‌డీ కొనాలి. ఆదివారం ఇక్కడ కొట్లు తెరవరు, బజారంతా మూసే ఉంటుంది. సోమవారం క్లాసు ఎగ్గొట్టి 500 జీబీది కొన్నాను, 42 యూరోలు. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దు.

విప్పడం నీ కొడుకు విప్పినట్టే విప్పాను. అడుగు మూతకి పదకొండు స్క్రూలు, అన్నీ ఒక పొడుగు కాదు. నువ్వు విప్పిన స్క్రూలు డబ్బా మూతల్లో వేసేవాడివి, నా దగ్గర అమ్మ పంపిన ఇడ్లీ రేకులున్నాయి. మూత మీద స్క్రూ ఎక్కడుందో రేకులో గుంట కూడా ఆ వరసలోనే. అయినా మూత రాలేదు. పీకబోయి, ఆగి, తిరగేసి చూస్తే వెనక రబ్బరు పట్టీ కింద ఇంకో రెండు దాక్కున్నాయి. బలం పెట్టి ఉంటే మూత విరిగేది. లోపల ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను. దుమ్ము చూస్తే సిగ్గేసింది, విజయవాడ దుమ్ము కూడా అందులోనే ఉండి ఉంటుంది.

కొత్త డిస్కు ఖాళీది కదా, దాంట్లో పెట్టాల్సిన విండోస్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి కింది గది జర్మన్ కుర్రాడి ల్యాప్‌టాప్ అడిగాను. వీళ్ల కీబోర్డులో వై, జెడ్ తారుమారు. నా పాస్‌వర్డ్‌లో వై ఉంది. నాలుగుసార్లు తప్పని చెప్పింది, అకౌంటు పోయిందేమోనని కాసేపు గుండె ఆగింది. లైసెన్సు మళ్లీ కొనాలేమోనని భయపడ్డాను గానీ, అది మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. నెట్ తగలగానే తనే గుర్తుపట్టింది.

ఇప్పుడు ఆన్ చేస్తే పదహారు సెకన్లు. కుక్కరు కాదుకదా స్టవ్ వెలిగించే టైము కూడా ఇవ్వట్లేదు. కానీ మర్నాడే ఇంకో తగువు, మూత మూసి తెరిస్తే వైఫై పోతోంది. ఈసారి ఒక్కటే ముట్టుకున్నాను. విండోస్ తనంతట తాను వేసుకున్న వైఫై డ్రైవర్ తీసి, ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో ఈ మోడల్‌కి ఇచ్చినది వేసి, ఒక రోజంతా మూస్తూ తెరుస్తూ చూశాను. పోలేదు. ఈ ఉత్తరం దాంట్లోనే కొడుతున్నాను.

ఇక బాబాయి సంగతి. తమ్ముణ్ని పంపి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమను. పర్ఫార్మెన్స్‌లో డిస్కు పక్కన ఎస్ఎస్‌డీ అని ఉందా, హెచ్‌డీడీ అని ఉందా చూసి చెప్పమను. హెచ్‌డీడీ అయితే, అంటే నాదాంట్లోలాంటి తిరిగే పాత డిస్కయితే, ఇప్పుడే నొక్కొద్దు. కంగారేం లేదు, నమోదు చేసుకుంటే విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు వచ్చే ఏడాది అక్టోబరు 13 దాకా వస్తాయి. ఎలా చేసుకోవాలో తమ్ముడికి నేను చెబుతాను. ఈలోపు డిస్కు మార్పిద్దాం. ఎస్ఎస్‌డీ అయితే, ర్యామ్ 8 ఉంటే, ముందు షాపు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అప్పుడు నొక్కమను, ఆ పది రోజులూ ఏమీ తుడవొద్దని గట్టిగా చెప్పు. బజారులో ఎవరైనా చూడకుండానే "ఫార్మాట్ కొడితే పోద్ది" అంటే మాత్రం వాడికి మెషీన్ ఇవ్వొద్దు. టిక్ మంటోందేమో నువ్వు ఒకసారి చెవి పెట్టి చూడు. నీ చెవి ఫోన్లో మాట వినకపోయినా అది వింటుంది.

రానివి అన్నాను కదా. అక్క పెళ్లి ఫోల్డర్‌లో పద్నాలుగు ఫోటోలు రాలేదు. నాయనమ్మ తలంబ్రాల దగ్గర కూర్చుని నవ్వుతున్నవి అందులోనే ఉన్నాయి. పెళ్లప్పుడు ఫోటోల వాడు ఎర్ర పెన్‌డ్రైవ్ ఒకటిచ్చాడు, అమ్మ బీరువాలో నగల డబ్బా కింద పెట్టినట్టు గుర్తు. దొరికితే బాబాయి మెషీన్‌లో పెట్టొద్దు. తమ్ముడి దాంట్లో పెట్టి నాకు పంపించమను.

నీ కొడుకు