హాంబర్గ్ నీకు నప్పుతుందా

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మార్చి ఆఖరున మాగ్డెబుర్గ్‌లో నీ చదువుకు దొరికే నాలుగు రోజుల సెలవులో స్నేహితురాళ్లతో ప్రాగ్ వెళ్లాలా, ఒక్కదానివే ఉత్తర జర్మనీ రేవు పట్టణమైన హాంబర్గ్ వెళ్లాలా అని నువ్వు అడిగినదానికి ఫోనులో తీరికగా జవాబు చెప్పలేకపోయాను. ఓడల మీద ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ రేవును చూసినవాడిని గనుక నాకు దానిపై పక్షపాతం ఉందని మీ అమ్మ అంటున్నది. ఉన్నమాటే. అందుచేత ఆ ఊరిలో ఏమి లేవో ముందుగా రాస్తాను.

కోటలూ రాజప్రాసాదాలూ చూడాలన్న కోరిక బలంగా ఉంటే ప్రాగ్‌కే వెళ్లు. హాంబర్గ్ అయితే వర్తకులు తమను తాము ఏలుకున్న ఊరు. అక్కడ నీకు రాజుల వైభవం కనబడదు. పాత ఊరిలో చాలా భాగం 1842 అగ్నిప్రమాదంలోనూ, ఆ తరువాత 1943 జూలై చివరి బాంబు దాడులలోనూ కాలిపోయింది. ఆ దాడులలో 30,000 మందికి పైగా మరణించారు. శిథిలమైన సెయింట్ నికొలాయ్ చర్చి గోపురాన్ని మాత్రం స్మారకంగా అలాగే నిలిపి ఉంచారు.

ఉన్నదల్లా పని చేస్తున్న రేవు. మన విశాఖలో పాసు లేనిదే పోర్టు గేటు దాటనివ్వరు గదా. అక్కడ మామూలు ప్రయాణికుల పడవ ఎక్కి కంటైనర్ ఓడల పక్క నుంచే పోవచ్చు. లాండుంగ్స్‌బ్రూకెన్ దగ్గర 62వ నంబరు పడవ ఎక్కి ఫింకెన్‌వెర్డర్ దాకా వెళ్లి రా. అది సిటీ బస్సు లాంటిదే కాబట్టి నీ డాయిచ్‌లాండ్ టికెట్, అదే దేశమంతటా సిటీ బస్సులకూ మామూలు రైళ్లకూ పనికివచ్చే నీ నెల పాసు, దానికి చెల్లుతుంది. గట్టున పిలిచి ఎక్కించుకునే విహార పడవలకు వేరే డబ్బు పెట్టనక్కరలేదు. ఎక్కే ముందు ఆ రేవుమెట్టును ఒకసారి గమనించు. సముద్రం అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఎల్బె నది నీరు పోటుకూ పాటుకూ మూడున్నర మీటర్లకు పైగా లేస్తుంది, దిగుతుంది. అందుకే ప్లాట్‌ఫారమంతా నీటి మీద తేలేటట్లు కట్టారు. పోటు మీద ఉన్నప్పుడు దాని మీదికి దించే వంతెనలు దాదాపు సమతలంగా ఉంటాయి, పాటు వేళ బాగా ఏటవాలుగా దిగుతాయి. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా కదలని నీబోటి మెకానికల్ విద్యార్థినికి అక్కడే ఒక పూట గడిచిపోతుంది.

ఆ పక్కనే 1911లో తెరిచిన పాత ఎల్బె సొరంగం ఉంది. అవతలి గట్టున ఓడలు కట్టే యార్డులకు కార్మికులు నది కింద నుంచి నడిచిపోవడానికి తవ్వినది. పొడవు 426 మీటర్లు. నడిచేవారికి రుసుము లేదు. లిఫ్టులో దిగి అవతల పైకి వస్తే ఊరంతా ఎదురుగా కనబడుతుంది. ష్పైకర్‌ష్టాట్ అనే ఎర్ర ఇటుకల గిడ్డంగుల పేట కూడా వదలవద్దు. ఒకవైపు కాలువలో పడవ, మరోవైపు వీధిలో బండి, మధ్యలో కప్పు కింద గిలక: కాఫీ, టీ, సుగంధద్రవ్యాల బస్తాలు అలా పైకెక్కేవి. దాన్ని కట్టడానికి 1880లలో సుమారు 20,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారన్నది మెచ్చుకుంటూ నడిచేటప్పుడు జ్ఞాపకం పెట్టుకోదగ్గ సంగతి. అక్కడే ఉన్న మినియాటూర్ వుండర్‌లాండ్ బొమ్మ రైళ్లకు జనం విపరీతంగా వస్తారు, టికెట్టు ముందే తీసుకో.

ఇంకొక చిన్న విషయం, దారి తప్పినా చెప్పాలనిపించింది. మదనపల్లెలో టాగూర్ 1919లో ఇంగ్లీషు చేసిన ‘జనగణమన’ను, 1942 సెప్టెంబరులో సుభాస్ చంద్ర బోస్ సమక్షంలో హాంబర్గ్‌లో జాతీయగీతంగా వాయించారు.

ఇక నీ అసలు భయం, ఒంటరిగా ఉండడం. పగలు ఆ ఊరిలో నీకు ఇబ్బంది ఉండదు. రైల్వే స్టేషను చుట్టుపక్కల మాత్రం తాగినవాళ్లూ మత్తుమందుల వాళ్లూ తారసపడతారు. సంచి ముందుకు వేసుకుని త్వరగా నడిచిపో. రాత్రి వినోదాలకు పేరుపడ్డ రేపర్‌బాన్ వీధిని సాయంత్రం ఎనిమిదింటికి చూస్తే చాలు, శనివారం అర్ధరాత్రి చూడవలసిన పని లేదు. బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం వారు పేరు తెచ్చుకోక ముందు అక్కడి క్లబ్బుల్లోనే వాయించారు. వారిలో జార్జ్ హారిసన్‌ను, పదిహేడేళ్లవాడని తేలగానే, దేశం నుంచి పంపించివేశారు. బస రేవుకు పైనే గుట్ట మీద ఉన్న ష్టింట్‌ఫాంగ్ యూత్ హాస్టల్లో తీసుకుంటే రాత్రి తిరిగి రావడానికి దూరం ఉండదు.

గొడుగు తీసుకుపోకు, ఆ గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు కావాలి. మన చేపల పులుసుకు అలవాటుపడిన నోటికి వాళ్ల ఉప్పులో ఊరిన హెరింగ్ రొట్టె నచ్చుతుందని నేను హామీ ఇవ్వను. దాల్చినచెక్క వేసిన ఫ్రాంట్స్‌బ్రోట్‌షెన్ అనే తీపి రొట్టె మాత్రం నచ్చుతుంది.

నా అభిప్రాయం వెళ్లమనే. అయితే ఆదివారం కలిసివచ్చేటట్లు చూసుకో. రేవు గట్టున చేపల సంత ఆ ఒక్క పొద్దుననే జరిగి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది, ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి గనుక సంత చూసుకుని యూల్ట్‌సెన్ మీదుగా మాగ్డెబుర్గ్ రైలెక్కడమే మంచిది. తేదీలు ఖాయం చేయగానే హాస్టల్ చిరునామా అమ్మకు పంపించు.

ఇట్లు,
నాన్న